ఆమిర్ లియాఖత్: టీవీ తెర నుంచి ఇంటి గొడవ దాకా.. ఫిర్యాదు ఎక్కడ ఆగింది, తమాషా ఎక్కడ మొదలైంది?

పాకిస్తాన్ టీవీ యాంకర్, మాజీ మంత్రి ఆమిర్ లియాఖత్ హుస్సేన్ 2022 జూన్ 9న కరాచీలోని తన ఇంట్లో స్పృహ లేకుండా పడి ఉన్నారు. ఆగాఖాన్ ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే ఆయన ప్రాణం పోయిందని డాక్టర్లు చెప్పారు. అప్పటికి ఆయన జాతీయ అసెంబ్లీ సభ్యుడు కూడా. ఆ వార్త తెలియగానే ఇస్లామాబాద్‌లో సభను వాయిదా వేశారు.

ఇరవై ఏళ్లు తెర మీద ఉన్న మనిషి. కానీ ఆ రోజు చాలామందికి ముందుగా గుర్తొచ్చింది ఆయన ప్రసంగాలు కాదు, రంజాన్ కార్యక్రమాలూ కాదు. అంతకు నెల ముందు ఫోన్లలో తిరిగిన వీడియోలు. మూడో భార్యతో గొడవ, ఆమె ఆరోపణలు, ఆయన జవాబులు, వాటి మీద జోకులు, మీమ్స్.

హైదరాబాద్‌లోనూ ఉర్దూ తెలిసిన ఇళ్లలో ఆమిర్ లియాఖత్ కొత్త పేరు కాదు. ఆయన నాత్‌లు, టీవీ క్లిప్‌లు యూట్యూబ్‌లో, వాట్సాప్‌లో ఇక్కడిదాకా వచ్చేవి. చివరి రోజుల వీడియోలు కూడా అదే దారిన వచ్చాయి. అసలు ఆయన ఎవరు? ఇంటి గొడవ అంత దూరం ఎలా వెళ్లింది? అలాంటి గొడవ మన దగ్గర జరిగితే చట్టం ఏమంటుంది, దీన్ ఏమంటుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ప్రైవేట్ టీవీతో పాటే పెరిగిన పేరు

ఆమిర్ లియాఖత్ కరాచీలో పుట్టారు. తండ్రి షేక్ లియాఖత్ హుస్సేన్ రాజకీయ నాయకుడు. తల్లి మహమూదా సుల్తానా పత్రికల్లో కాలమ్స్ రాసేవారు. అంటే మాట, రాజకీయం రెండూ ఆయనకు ఇంట్లోనే దొరికాయి.

2002 పాకిస్తాన్ టీవీ చరిత్రలో పెద్ద మలుపు. ముషారఫ్ ప్రభుత్వం ప్రైవేట్ చానెళ్లకు దారి ఇచ్చింది, వాటిని చూసుకోవడానికి పెమ్రా అనే నియంత్రణ సంస్థను పెట్టింది. అదే ఏడాది జియో టీవీ వచ్చింది. ఆ చానెల్‌లో 'ఆలిమ్ ఆన్‌లైన్' కార్యక్రమంతో ఆమిర్ లియాఖత్ పేరు ఇంటింటికీ చేరింది.

ఆ కార్యక్రమంలో కొత్తదనం ఏమిటంటే, సున్నీ, షియా ఆలిమ్‌లను పక్కపక్కనే కూర్చోబెట్టేవారు. నమాజు, తలాఖ్, వారసత్వం, వ్యాపారంలో లాభం.. ఏ విషయమైనా ప్రేక్షకులు ఫోన్ చేసి అడగవచ్చు. మసీదుకు వెళ్లి ఆలిమ్‌ను అడిగే అవకాశం లేని ఆడవాళ్లకు ఇది చాలా ఉపయోగపడింది. ఆమిర్ స్వయంగా మదర్సాలో చదివిన ఆలిమ్ కాదు, ఆయన యాంకర్. అయితే స్పష్టమైన ఉర్దూ, మంచి గొంతు, నాత్ చదివే తీరు, దువా చేస్తూ కన్నీళ్లు పెట్టుకోవడం.. ఇవన్నీ కలిసి చూసేవాళ్ల మనసులో యాంకర్‌కూ ఆలిమ్‌కూ మధ్య గీతను చెరిపేశాయి.

అదే 2002లో ఎంక్యూఎం తరఫున జాతీయ అసెంబ్లీకి గెలిచారు. 2004లో మతవ్యవహారాల సహాయ మంత్రి అయ్యారు. 2007లో రాజీనామా చేశారు. ఆయన చూపిన విదేశీ డిగ్రీల మీద కూడా అప్పట్లోనే వివాదం నడిచింది.

రేటింగ్ పెరిగేకొద్దీ పెరిగిన వివాదాలు

2008 సెప్టెంబర్‌లో 'ఆలిమ్ ఆన్‌లైన్'లో అహ్మదీయుల గురించి చర్చ పెట్టారు. వాళ్లను చంపడం సరైనదే అనే అర్థం వచ్చేలా అతిథులు మాట్లాడారు. రెండు రోజులు తిరగకుండానే సింధ్ రాష్ట్రంలో ఆ వర్గానికి చెందిన ఇద్దరు హత్యకు గురయ్యారు. తనకూ ఆ హత్యలకూ సంబంధం లేదని ఆమిర్ తర్వాత చెప్పారు. మానవ హక్కుల సంఘాలు మాత్రం ఆ కార్యక్రమాన్ని మరచిపోలేదు.

2011లో ఇంకో దెబ్బ. షూటింగ్ విరామంలో తీసిన ఫుటేజీ ఒకటి ఇంటర్నెట్‌లోకి వచ్చింది. కెమెరా ముందు గంభీరంగా కనిపించే మనిషి అందులో బూతులు మాట్లాడుతూ, సినిమా పాటలు పాడుతూ, నవ్వుకుంటూ కనిపించారు. అది డబ్బింగ్ చేసిన నకిలీ వీడియో అని ఆయన అన్నారు. కెరీర్ ఆగిపోతుందని చాలామంది అనుకున్నారు, ఆగలేదు. మరుసటి ఏడాదే మళ్లీ జియోలో రంజాన్ కార్యక్రమం చేశారు.

ఇక్కడ కొంచెం డబ్బు లెక్క చెప్పుకోవాలి. రంజాన్‌లో సహర్, ఇఫ్తార్ సమయాల్లో ఇంటిల్లిపాదీ టీవీ ముందు ఉంటారు. వంటనూనె, షర్బత్, మొబైల్ కంపెనీలకు ఏడాది మొత్తంలో ఇంతకంటే మంచి సమయం దొరకదు. అందుకే పాకిస్తాన్ చానెళ్లు ఆ నెలలో గంటల తరబడి 'రంజాన్ ట్రాన్స్‌మిషన్' నడుపుతాయి. ఖురాన్ తిలావత్, దువా, వంట, క్విజ్, బహుమతులు.. అన్నీ ఒకే సెట్‌లో. ఈ రకం షోకు పెద్ద పేరు తెచ్చినవాళ్లలో ఆమిర్ ముందు వరసలో ఉంటారు. ప్రశ్నకు జవాబు చెబితే మోటార్ సైకిల్, మొబైల్ ఫోన్ ఇచ్చేవారు.

2013 రంజాన్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. చెత్తకుప్పల్లో, రోడ్ల పక్కన వదిలేసిన పసికందులను ఒక సేవాసంస్థ ద్వారా తెచ్చి, పిల్లలు లేని దంపతులకు లైవ్‌లో అప్పగించారు. ప్రపంచమంతా ఆ వార్త రాసింది. అనాథ బిడ్డకు ఇల్లు దొరికింది కదా అని కొందరు మెచ్చుకున్నారు. మరి ఆ బిడ్డ పెద్దయ్యాక తన పుట్టుక కథ అంతా వీడియో రూపంలో ఊరంతటికీ తెలిసి ఉంటుంది, దానికి ఎవరు జవాబుదారీ అని ఇంకొందరు అడిగారు. ఆ ప్రశ్నకు టీవీలో జవాబు రాలేదు. రేటింగ్ మాత్రం వచ్చింది.

2017 జనవరిలో బోల్ టీవీలో ఆయన కార్యక్రమాన్ని పెమ్రా నిషేధించింది. అప్పట్లో మాయమైన బ్లాగర్ల మీద, వాళ్ల తరఫున మాట్లాడినవాళ్ల మీద విద్వేషం పెంచుతున్నారన్నది కారణం. 2018 మార్చిలో ఇమ్రాన్ ఖాన్ పార్టీ పీటీఐలో చేరి, ఆ జూలై ఎన్నికల్లో కరాచీ నుంచి మళ్లీ గెలిచారు.

ఇంటి విషయం తెరకెక్కిన క్రమం

మొదటి భార్య బుష్రా ఇక్బాల్‌తో ఆయనకు ఒక కొడుకు, ఒక కూతురు. 2018లో తుబా అన్వర్‌తో రెండో నికాహ్ జరిగింది. 2020 డిసెంబర్‌లో బుష్రా సోషల్ మీడియాలో ఒక పోస్టు పెట్టారు. తుబా ఎదుటే ఫోన్ చేసి తనకు తలాఖ్ చెప్పారని, తలాఖ్ కంటే అలా చెప్పడం తననూ పిల్లలనూ ఎక్కువ బాధించిందని ఆమె రాశారు.

2022 ఫిబ్రవరి 9న తుబా కూడా విడిపోయినట్టు ఇన్‌స్టాగ్రామ్‌లో చెప్పారు. ఖులా కోసం కోర్టుకు వెళ్లక తప్పలేదన్నారు. మర్నాడే ఆమిర్ మూడో నికాహ్ సంగతి అదే ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటించారు. అమ్మాయి దక్షిణ పంజాబ్‌లోని లోధరాన్‌కు చెందినది, వయసు 18. ఆయనకు అప్పటికి యాభై దగ్గర పడింది. వయసు తేడా మీద వచ్చిన మీమ్స్‌కు లెక్క లేదు. ఇద్దరూ కలిసి ఇంటర్వ్యూలు ఇచ్చారు, వీడియోలు చేశారు. అవి లక్షల మంది చూశారు.

మూడు నెలలు గడిచాయి. మేలో ఆ అమ్మాయి నికాహ్ రద్దు కోరుతూ బహావల్పూర్ కోర్టుకు వెళ్లింది. కొడుతున్నాడని, మత్తుమందులు వాడతాడని ఆరోపించింది. ఆమిర్ అన్నీ ఖండించారు. ఇంతవరకైతే ఇది కోర్టు కేసు. కానీ అదే వారంలో ఆడియోలు బయటికి వచ్చాయి, ఆ తర్వాత ఆయన పడకగది వీడియోలు వచ్చాయి. ఆమె కెమెరా ముందు మాట్లాడింది. ఆయన కన్నీళ్లతో జవాబు వీడియో పెట్టారు. దేశం విడిచి వెళ్లిపోతున్నానని ప్రకటించారు.

వెళ్లలేదు. జూన్ 9న చనిపోయారు.

చనిపోయాక కూడా గొడవ ఆగలేదు. పోస్ట్‌మార్టం వద్దని పిల్లలు, మొదటి భార్య కోరారు. మరుసటి రోజు కరాచీలో అబ్దుల్లా షా ఘాజీ దర్గా ప్రాంగణంలో ఖననం చేశారు. కుటుంబంతో సంబంధం లేని ఒక పౌరుడు కోర్టుకు వెళ్లి, సమాధి తవ్వి పోస్ట్‌మార్టం చేయాలన్నాడు. మేజిస్ట్రేట్ జూన్ 18న సరేనన్నారు. కుటుంబం సింధ్ హైకోర్టుకు వెళ్తే, జూన్ 22న ఆ ఉత్తర్వు అమలు ఆగింది.

ఆ ఏడాది డిసెంబర్‌లో, ఆమిర్ కూతురు ఇచ్చిన ఫిర్యాదుపై ఎఫ్‌ఐఏ సైబర్ క్రైమ్ అధికారులు మూడో భార్యను లోధరాన్‌లో అరెస్టు చేశారు. అభ్యంతరకర వీడియోలు బయటపెట్టిందన్నది ఆరోపణ. తాను పెట్టలేదని ఆమె వాదన. ఒకవైపు తండ్రి మయ్యత్ పరువు కోసం పోరాడుతున్న కూతురు, ఇంకోవైపు పెళ్లయిన ఏడాదిలోపే జైలు మెట్లు ఎక్కిన పల్లెటూరి అమ్మాయి. ఈ కథలో గెలిచింది ఎవరూ లేరు. ఒక్క వ్యూస్ సంపాదించుకున్న చానెళ్లు తప్ప.

పోస్టుతో తలాఖ్ కాదు, పోస్టుతో న్యాయమూ కాదు

పాకిస్తాన్‌లో 1961 నాటి ముస్లిం కుటుంబ చట్టాల ఆర్డినెన్స్ ఉంది. దాని ప్రకారం భర్త తలాఖ్ చెప్పాక యూనియన్ కౌన్సిల్ చైర్మన్‌కు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, భార్యకు కాపీ ఇవ్వాలి. 90 రోజుల గడువులో రాజీ ప్రయత్నం జరగాలి. రెండో పెళ్లికి కూడా ముందస్తు అనుమతి కావాలి. అంటే ఫోన్‌లో చెప్పిన మాటతో, ఇన్‌స్టాగ్రామ్ పోస్టుతో చట్టం పని పూర్తి కాదు. వీడియోలు బయటపెట్టడానికి వేరే చట్టం ఉంది. 2016 నాటి పెకా చట్టం 21వ సెక్షన్ కింద ఒకరి అశ్లీల దృశ్యాలు పెడితే ఐదేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

మన దగ్గర సంగతి చూద్దాం. ఒక్కసారిగా మూడు తలాఖ్‌లు చెప్పడం, అది ఫోన్‌లో అయినా వాట్సాప్‌లో అయినా, 2019 చట్టం ప్రకారం చెల్లదు. మూడేళ్ల దాకా జైలుశిక్ష ఉంది. ఇక భార్య వైపు నుంచి ఖులా. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు స్పష్టంగా చెప్పింది: ఖులా ముస్లిం స్త్రీ హక్కు, దానికి భర్త ఒప్పుకోవాల్సిన అవసరం లేదు, ముఫ్తీ సర్టిఫికెట్ కూడా తప్పనిసరి కాదు. భర్త ఒప్పుకోవడం లేదు, అందుకే ఇంటి గుట్టు బయటపెట్టి ఒత్తిడి తేవాలి అనుకునే అమ్మాయిలకు ఇది తెలిసి ఉండాలి. దారి కోర్టులో ఉంది.

ఇంకో ముఖ్యమైన విషయం చాలామందికి తెలియదు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్ ప్రకారం, భార్యాభర్తల్లో ఏ ఒక్కరు కోరినా విచారణ మూసిన తలుపుల వెనక జరగాలి. బయటివాళ్లు, విలేకరులు అక్కడ ఉండరు. తొమ్మిదో సెక్షన్ ప్రకారం కోర్టు ముందుగా రాజీకి ప్రయత్నించాలి. ఇంటి మాట బజారుకెక్కకుండా న్యాయం అడిగే వీలు చట్టంలోనే ఉందన్నమాట.

ఫార్వర్డ్ చేసినా నేరమే

'నేను తీయలేదు, నాకు వచ్చింది పంపాను అంతే' అని చాలామంది అనుకుంటారు. ఐటీ చట్టం అలా అనుకోదు. 67, 67ఎ సెక్షన్లు 'ప్రచురించడం'తో పాటు 'పంపడం' కూడా నేరమే అంటాయి. లైంగిక దృశ్యాలున్న వీడియో పంపితే మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. ఒకరి శరీరాన్ని అనుమతి లేకుండా చిత్రీకరించి పంచితే 66ఇ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష.

భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. ఒక స్త్రీ తన ఫోటో తీయడానికి ఒప్పుకున్నా, దాన్ని ఇతరులకు చూపడానికి ఒప్పుకోకపోతే, పంచడం నేరమే. భార్యాభర్తలుగా ఉన్నప్పుడు తీసుకున్న వీడియోలకూ ఇదే వర్తిస్తుంది. పరువునష్టం విషయంలో మరణించినవారిని కూడా 356వ సెక్షన్ వదలలేదు. కుటుంబసభ్యుల మనసు గాయపరిచే ఉద్దేశంతో మరణించిన మనిషి మీద నింద వేసినా పరువునష్టమే అవుతుంది.

మరి ఎవరి వీడియో అయినా బయటికి వచ్చేస్తే ఏం చేయాలి? ముందు దాన్ని పెట్టిన వేదికకు ఫిర్యాదు చేయాలి. 2021 ఐటీ నిబంధనల్లో ఇలాంటి దృశ్యాలు తీసేయడానికి గడువు పెట్టారు. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలకు సంబంధించిన నేరాలను పేరు చెప్పకుండానే తెలియజేయవచ్చు. హైదరాబాద్‌లో షీ టీమ్స్ ఉన్నాయి. డిలీట్ చేసే ముందు స్క్రీన్‌షాట్, లింకు, తేదీ దాచుకోవాలి. కేసుకు అవే ఆధారం.

దీన్ ఏమంటుంది?

సూరా హుజురాత్ 12వ ఆయత్ ఇతరుల గుట్టు వెతకడాన్ని, గీబత్‌ను రెండింటినీ మనా చేసింది. తోటి ముస్లిం తప్పును కప్పిపుచ్చినవాడి తప్పును అల్లాహ్ కప్పుతాడని హదీసులు చెబుతాయి. పర్దా పోషీ అనేది మన ఇళ్లలో అందరికీ తెలిసిన మాటే.

అయితే ఈ మాటను ఆడవాళ్ల నోరు మూయించడానికి వాడేవాళ్లూ ఉన్నారు. దెబ్బలు తిని కూడా 'ఇంటి పరువు' అని ఊరుకోమంటారు. అది దీన్ కాదు. సూరా నిసా 148వ ఆయత్ చెడు మాట బాహాటంగా చెప్పడం అల్లాహ్‌కు ఇష్టం లేదంటూనే, జుల్మ్‌కు గురైనవారికి మినహాయింపు ఇచ్చింది. అంటే బాధితురాలు నోరు విప్పవచ్చు. పోలీసుకు చెప్పవచ్చు, ఖాజీకి చెప్పవచ్చు, జడ్జి ముందు అన్నీ చెప్పవచ్చు. అది గీబత్ కిందికి రాదు. అదే సూరాలో 35వ ఆయత్, భార్యాభర్తలు విడిపోయే పరిస్థితి వస్తే అతని వైపు నుంచి ఒకరిని, ఆమె వైపు నుంచి ఒకరిని పెద్దలుగా పెట్టమంది. లక్ష మంది ఫాలోయర్లను పెట్టమనలేదు.

కాబట్టి తేడా ఇక్కడ ఉంది. జరిగిన జుల్మ్‌ను పరిష్కరించగలిగిన చోట చెప్పుకుంటే అది ఫిర్యాదు. ఏమీ చేయలేని, చూసి నవ్వుకునే జనం ముందు పెడితే అది తమాషా. ఆ మూడో భార్య కోర్టులో వేసిన కేసు ఫిర్యాదే. నిజమో అబద్ధమో జడ్జి తేల్చాల్సింది. పడకగది వీడియో, దాన్ని ఎవరు పెట్టినా, ఏ కోర్టూ అడగని సాక్ష్యం. అది ఆమె కేసుకు బలం ఇవ్వలేదు, పైగా ఆమెనే నిందితురాలిని చేసింది.

చూసేవాళ్ల వాటా

ఆమిర్ లియాఖత్‌ను కేవలం బాధితుడిగా చూపడం సరికాదు. అనాథ బిడ్డల పుట్టుకను, పేదల కన్నీళ్లను, మతభేదాలను కెమెరా ముందు సరుకుగా మార్చినవాళ్లలో ఆయనా ఒకరు. తన నికాహ్‌ను కూడా ఆయనే తెర మీదకు తెచ్చారు. చివరికి అదే తెర ఆయన్ను మింగింది. కానీ ఆ వీడియోలు ఒక్కరు పెట్టినంత మాత్రాన దేశాలు దాటవు. ఒక్కో ఫోన్‌లో ఒక్కో వేలు 'ఫార్వర్డ్' నొక్కితేనే కరాచీ నుంచి చార్మినార్ దాకా వస్తాయి.

కోర్టు ఉత్తర్వుతో వేదికలు వీడియో తీసేయవచ్చు. ఒకరి ఫోన్ గ్యాలరీలోకి, కుటుంబ గ్రూపులోకి కోర్టు రాలేదు. అక్కడ తీసేయాల్సింది ఆ ఫోన్ ఎవరిదో వాళ్లే. తండ్రి వీడియోలు ఇంకా ఎవరెవరి దగ్గర ఉన్నాయో ఆ పిల్లలకు ఎప్పటికీ తెలియదు.